ఒక్కటైతే అరవై, పాతికైతే తొమ్మిది

గురునాథరావుకి కోపం రావడం అరుదు. కూరలో ఉప్పు మరిచిపోయినా, ఫ్యాక్టరీ బస్సు ముప్పావు గంట ఆలస్యంగా వచ్చినా, తమ్ముడు చెప్పా పెట్టకుండా స్కూటరు పట్టుకుపోయినా అతను పల్లెత్తు మాట అనేవాడు కాదు. తొమ్మిది రూపాయల చిప్పుని ఎవరైనా అరవై రూపాయలకి అమ్మబోతే మాత్రం అతనికి ఒళ్ళు మండేది. ఆ పూట అన్నం సహించేది కాదు.

తొంభై ఏడో సంవత్సరం మే నెలలో అలాంటి కోపమే ఒకటి వచ్చింది. దాని పుణ్యమా అని కంచరపాలెంలో ఒక సందులో ఇరవై ఒక్క కుటుంబాలు బాగుపడ్డాయి. ఆ ఇరవై ఒకటిలో గురునాథరావు కుటుంబం లేదు.

అతను ఉక్కు ఫ్యాక్టరీలో టెక్నీషియను. కొలిమి వేడి ఎంతుందో, గొట్టాల్లో ఒత్తిడి ఎంతుందో చెప్పే మీటర్లు సరిగ్గా చెబుతున్నాయో లేదో చూడటం అతని పని. తోటివాళ్ళంతా ఉక్కునగరంలో కంపెనీ క్వార్టర్లలో చేరిపోయారు. ఇతను మాత్రం రైలు పట్టాల పక్క సందులో, తల్లి సన్యాసమ్మ గోనెల మిల్లులో ఇరవై రెండేళ్ళు పనిచేసి కొన్న రెండు గదుల ఇంట్లోనే ఉండిపోయాడు. సందులో అదే ఆఖరి ఇల్లు. దాని తరువాత గోడ, గోడ తరువాత రైళ్ళు.

ఇంటికొచ్చాక అతని లోకం వేరు. గూట్లో సోల్డరింగ్ ఐరనూ, సీసం తీగా, ఢిల్లీ నుంచి నెలనెలా వచ్చే ఎలక్ట్రానిక్స్ పత్రికా ఉండేవి. ఆ పత్రికలో బొమ్మ గీసి చూపించిన ప్రతిదీ అతనికి చెయ్యాలనిపించేది. దొంగలొస్తే అరిచే గంట చేశాడు. అది పిల్లికి అరిచేది, బావమరిదికి అరిచేది, ఎవరూ రాకపోతే తోచక అరిచేది. చీకటి పడగానే వెలిగే దీపం చేశాడు. మబ్బు పట్టినా వెలిగేది. ఇంట్లో వీటి గురించి ఎవరూ ఏమీ అనేవారు కాదు. తాగుడూ, పేకాటా లేని మనిషి, సీసం కరిగించుకుంటే కరిగించుకోనీ అని ఊరుకునేవారు.

మొదటిసారిగా ఆ ఏడే ఇంట్లోవాళ్ళు అతన్ని ఒకటి చేసిపెట్టమని అడిగారు.

అడిగింది భార్య హేమశ్రీ. అతనికి మేనమామ కూతురే. బావా అనే పిలిచేది. డిగ్రీ చదివింది. పట్టాలవతల కాన్వెంటులో లెక్కల టీచరు ఉద్యోగం వచ్చింది. జూన్ పన్నెండున బడి తెరుస్తారు, ఆ రోజే చేరాలి. మూడు నెలలు చూసి, ఆలస్యాలూ సెలవులూ లేకపోతే పర్మనెంటు చేస్తానని హెడ్‌మిస్ట్రెస్ చెప్పింది. హేమశ్రీకి ఆ ఉద్యోగం మీద ఎంత ఆశ ఉందంటే, చేరడానికి నెల ముందే రెండు నేత చీరలకి గంజి పెట్టి ఇస్త్రీ చేసి దాచుకుంది.

అడ్డమల్లా ఒకటే, కుళాయి.

ఆ సందుకి నీళ్ళు రోజూ వచ్చేవి. ఎప్పుడొస్తాయన్నదే ఎవరికీ తెలియదు. పగలు పదకొండుకీ మూడుకీ మధ్య ఎప్పుడో వచ్చి, నలభై నిమిషాలుండి పోయేవి. ఒత్తిడి చాలక కుళాయిలు నేల మీదికి ఎక్కేవి కావు. ప్రతి ఇంటి ముందూ గొయ్యి తవ్వి, గొట్టాన్ని అందులోకి దించి, కుళాయి బిగించుకున్నారు. రోడ్డు మొగదల ఉన్న మంగాయమ్మ ఇంటి గొయ్యి మోకాలి లోతు. ఆఖరున గురునాథరావు ఇంటి గొయ్యి నడుం లోతు. అందులో దిగి, బిందె పెట్టి, నిండిన బిందె పైకందించి, మళ్ళీ ఖాళీది పెట్టాలి. మనిషి లేకపోతే ఒక్క బిందె నిండి మిగతా నీళ్ళు గోతి పాలయ్యేవి.

ఆరేళ్ళుగా హేమశ్రీ ఆ నాలుగు గంటలూ గుమ్మం దాటలేదు. బియ్యం ఏరినా, పత్రిక చదివినా ఒక చెవి గోతిలోనే ఉండేది. గొట్టంలో గుటకేసిన చప్పుడు వినగానే దూకేది. ఆమె లేకపోతే ఆ పని సన్యాసమ్మ చెయ్యగలదు. అరవై దాటినా చేతుల్లో సత్తువ తగ్గలేదు. ఎటొచ్చీ మిల్లు మగ్గాల హోరులో ఇరవై రెండేళ్ళు నిలబడటంతో చెవులు పోయాయి. గూడ్సు బండి కూత వేస్తే ఎవరో పిలిచారనుకునేది.

నీళ్ళు రాగానే, అత్తకి కూడా వినబడేంత గట్టిగా మోగేదేదైనా చేసి పెట్టమని హేమశ్రీ అడిగింది.

గురునాథరావుకి నెత్తిన పాలు పోసినట్టయింది. పాత పత్రికలన్నీ తిరగేసి, సరిగ్గా కావలసిన బొమ్మ పట్టుకున్నాడు. కుళాయి మూతిలో రెండు ఇత్తడి మేకులు పెట్టాలి. వాటికి నీటి చుక్క తగలగానే ఎనిమిది కాళ్ళ చిప్పు ఒకటి మేలుకొని, చిన్న స్పీకరు చేత అంబులెన్సు కూత కూయిస్తుంది. ఆ కూత పక్క వీధికి కూడా వినబడుతుందని పత్రికవాళ్ళు రాశారు. ఆ చిప్పు ఒక్కటే కొనాలి, మిగతా సరుకంతా ఇంట్లో ఉంది.

మర్నాడే డాబాగార్డెన్స్‌లో మేడమెట్ల కింద ఉన్న అబ్బులు కొట్టుకి వెళ్ళాడు. అబ్బులు రేడియో సామాన్లు అమ్మేవాడు. గురునాథరావుతో పదేళ్ళ పరిచయం, బావా అంటే బావా అనుకునే చనువు. సీసా అడుగునుంచి చిప్పు తీసి బల్ల మీద పెట్టి అరవై అన్నాడు.

పత్రిక వెనక అట్ట మీద మద్రాసు కొట్టువాడి ధరల పట్టీ అచ్చయ్యేది. అందులో అదే చిప్పు తొమ్మిది రూపాయలని ఉంది. గురునాథరావు ఆ పేజీ చింపి జేబులో పెట్టుకునే వచ్చాడు. మడత విప్పి చూపించాడు.

అబ్బులు చదివి, కింద ఉన్న సన్నక్షరాల మీద వేలు పెట్టాడు. ఆ ధరకి కావాలంటే గొట్టం మొత్తం కొనాలి. గొట్టానికి పాతిక చిప్పులు.

"ఈ ఊరు మొత్తమ్మీద ఇది అడిగీవోడివి నువ్వొక్కడివే బావా," అన్నాడు అబ్బులు. "రెండు తెప్పించాను. ఒకటి నువ్వట్టుకెల్తావు. రెండోదాన్ని ఎవడూ అడగడు, నా సీసాలోనే ముసిలిదైపోద్ది. దాని తిండి కూడా నువ్వే పెట్టాల మరి."

మాట న్యాయంగానే ఉంది. అదే గురునాథరావుకి మరీ మండింది. ఎదుటివాడు మోసం చేస్తున్నాడంటే నాలుగు తిట్టి ఊరుకోవచ్చు, న్యాయంగా మాట్లాడి యాభై ఒక్క రూపాయలు ఎక్కువ తీసుకుంటే ఏం చెయ్యాలి? అబ్బులు యాభై ఐదుకి దిగాడు. చిప్పు గుచ్చుకునే దిమ్మ ఊరికే ఇస్తానన్నాడు. గురునాథరావు కాగితం మడిచి జేబులో పెట్టుకుని, ఎండలో కంచరపాలెం దాకా నడిచి వచ్చేశాడు. బస్సు ఎక్కాలని కూడా తోచలేదు.

ఆ సాయంత్రం సందు మొగదల నిలబడి చూస్తుంటే అతనికి జ్ఞానోదయమైంది. సందులో ఇళ్ళు ఇరవై ఆరు. ఒకటి రెండేళ్ళుగా తాళం వేసి ఉంది. మిగిలినవి పాతిక.

ఇంతకన్నా దేవుడు ఏం చెప్పాలి?

అందరికీ తలా ఒక గంట చేసి పెడితే గొట్టం మొత్తం కొనొచ్చు. చిప్పు తొమ్మిదికే వస్తుంది. అందరూ కుళాయి బాధితులే. హేమశ్రీకి చెబితే ఆమె చేట పక్కన పెట్టి అడిగింది. "మనకి ఒక్కటుంటే సాలు గదా బావా. సందుకంతటికీ ఎందుకు?"

"సందుకంతటికీ అయితేనే మనకి తొమ్మిదికొస్తది," అన్నాడు గురునాథరావు. ఇంత చిన్న విషయం లెక్కల టీచరుకి ఎలా తెలియలేదా అని అతనికి ఆశ్చర్యం వేసింది.

మొదట మంగాయమ్మని పట్టుకున్నాడు. ఆవిడది గోదావరి జిల్లా. భర్త పోర్టులో పనికి కుదిరినప్పుడు వచ్చి ఇక్కడే స్థిరపడిపోయారు. సందులో మొదటి ఇల్లు కావడం వల్లా, గొంతు పెద్దది కావడం వల్లా ఆవిడ మాటకి అక్కడ విలువ ఉండేది. మధ్యాహ్నం భోంచేసి టీవీ ముందు కునుకు తీస్తుంటే నీళ్ళొచ్చి పోతున్నాయని, ఎంతసేపని కాసుకుని ఏడవను బాబూ అని, ఆవిడ రోజూ వాపోయేది. గంట సంగతి వినగానే చెయ్యి పట్టుకుని అరుగు మీద కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చింది. ఆ తరువాత ఇల్లిల్లూ తిరిగే పని ఆవిడే చేసింది. చేపల గంప దించి పన్నెండింటికి ఇల్లు చేరి స్పృహ లేకుండా పడి నిద్రపోయే పైడితల్లి, కుట్టు మిషను చప్పుడులో ఏదీ వినబడని దేముడమ్మ, పిల్లల గోలలో పడి మరిచిపోయే కాసులమ్మ, ఎవరూ కాదనలేదు. నాలుగు రోజుల్లో ఇరవై నాలుగు ఇళ్ళూ ఊఁ అన్నాయి.

గురునాథరావు మద్రాసుకి ఉత్తరం రాశాడు. అంతకు ముందెప్పుడూ అతను ఏ కొట్టువాడికీ 'మాకు ఒక గొట్టం పంపవలెను' అని రాసి ఎరగడు. ఒక్కటి, మహా అయితే రెండు అడిగి, కొట్టువాడి మొహం చిరాగ్గా మారడం చూసి అలవాటు. ఆ ఉత్తరం మూడుసార్లు చదువుకుని పోస్టు చేశాడు. పది రోజులకి వీపీపీలో పొట్లం వచ్చింది, పోస్టుమానుకి డబ్బు కట్టి తీసుకున్నాడు. పారదర్శకమైన పొడుగాటి గొట్టంలో పాతిక నల్లటి చిప్పులు వరసగా కూర్చుని ఉన్నాయి. దాన్ని చూసుకుంటూ ఆ పూట రెండు ముద్దలు ఎక్కువే తిన్నాడు.

తరువాత మూడు వారాలు ఇల్లంతా సీసం పొగ. పాతిక సబ్బు పెట్టెలు, పాతిక స్పీకర్లు, యాభై ఇత్తడి మేకులు. ఫ్యాక్టరీ నుంచి రాగానే కూర్చునేవాడు. హేమశ్రీ తీగల చివర్లు ఒలిచి పెట్టేది. ఆ పని చేస్తూనే పన్నెండో తారీఖుకి అయిపోతుందా అని రోజూ అడిగేది. అయిపోతుందనేవాడు. అయిపోయింది కూడా. పదో తారీఖు నుంచి మంగాయమ్మ ఇంటితో మొదలుపెట్టి వరసగా బిగించుకుంటూ వచ్చాడు. గొట్టంలోని మొదటి చిప్పు మొదటి ఇంటికి, చిట్టచివరిది తన ఇంటికి. ప్రతిచోటా కుళాయి మూతిలో గ్లాసుతో నీళ్ళు పోసి చూపించాడు. ప్రతిచోటా అంబులెన్సు కూసింది. తన గంట కూసినప్పుడు వంటింట్లో ఉన్న సన్యాసమ్మ బయటికి వచ్చి ఎవరికేమైందని అడిగింది.

ఇంతవరకు గురునాథరావు చేసిన వస్తువుల్లో చెప్పినట్టు పనిచేసింది ఇదొక్కటే. పాతికలో ఒక్కటి కూడా మొరాయించలేదు. వచ్చిన చిక్కంతా అక్కడే ఉంది.

పన్నెండున హేమశ్రీ గంజి చీర కట్టుకుని బడికి వెళ్ళింది. గురునాథరావుది పొద్దుటి షిఫ్టు. మూడున్నరకి సందులో అడుగు పెట్టేసరికి పెళ్ళివారికి ఎదురొచ్చినట్టు వచ్చారు. మంగాయమ్మ ఇంట్లో రెండు డ్రమ్ములూ నిండాయి. పైడితల్లి జన్మలో మొదటిసారి చేపల గంప కుళాయి నీళ్ళతో కడుక్కుంది. దేముడమ్మ అతనికి దిష్టి తీయిస్తానంది. వాళ్ళందరి దీవెనలూ అందుకుంటూ, తబ్బిబ్బవుతూ, ఇంటికి చేరేసరికి సన్యాసమ్మ గోతి గట్టున కూర్చుని ఉంది. పక్కన తొమ్మిది బిందెలు బోర్లించి ఉన్నాయి.

"మోగనేదురా," అంది.

మీటర్లు చూసే మనిషి మొదట మీటరునే అనుమానిస్తాడు. గురునాథరావు గోతిలోకి దిగి గ్లాసుతో నీళ్ళు పోశాడు. గంట మోగింది. నీళ్ళు తుడిచి మళ్ళీ పోశాడు. మళ్ళీ మోగింది. వదులు కనెక్షనై ఉంటుందని అన్నీ విప్పి కొత్తగా సీసం పెట్టాడు. హేమశ్రీ నాలుగున్నరకి వచ్చి, చీర మార్చుకుని, బిందె తీసుకుని రైలు పట్టాల పక్కనున్న బోరింగు దగ్గరికి వెళ్ళింది. అక్కడ ఆ వేళప్పుడు బారెడు వరస ఉంటుంది. చీకటి పడేదాకా నాలుగు బిందెలు మోసింది. మొదటి రోజు బడి ఎలా ఉందని అతను అడగలేదు. అతను సబ్బు పెట్టెలోకి చూస్తున్నాడు.

రెండో రోజూ మోగలేదు. ఆ సాయంత్రం పక్క మూడిళ్ళ వాళ్ళు, అంటే ఇరవై రెండు, ఇరవై మూడు, ఇరవై నాలుగు నంబర్ల వాళ్ళు, మావీ మోగలేదని పెట్టెలు పట్టుకొచ్చారు. గురునాథరావుకి అంతా తేటతెల్లమైపోయింది. గొట్టంలో చివరి నాలుగు చిప్పులూ చెడ్డవి! మద్రాసువాడు మంచివి ముందు పెట్టి, చెత్త అడుగున తోశాడు, కూరలవాడు వంకాయలు పేర్చినట్టు. నిప్పులు కక్కుతూ ఉత్తరం రాశాడు. పోస్టు చెయ్యబోయే ముందు, సాక్ష్యం కోసం, తన చిప్పు తీసుకెళ్ళి మంగాయమ్మ పెట్టెలో గుచ్చి, ఆవిడది తెచ్చి తన పెట్టెలో గుచ్చుకున్నాడు.

మూడో రోజు మంగాయమ్మ ఇంట్లో అతని చెడ్డ చిప్పు కోయిలలా కూసింది. అతని ఇంట్లో ఆవిడ మంచి చిప్పు నోరు విప్పలేదు.

ఆ రోజు హేమశ్రీ బడికి పదిహేను నిమిషాలు ఆలస్యంగా వెళ్ళింది. ముందు రోజు తెచ్చినవి చాలక తెల్లారి మళ్ళీ బోరింగు వరసలో నిలబడవలసి వచ్చింది. హెడ్‌మిస్ట్రెస్ చేతి గడియారం చూసుకుని, ఇంకోసారి ఇలా జరిగితే వేరే మనిషిని చూసుకుంటామని చెప్పింది. ఆ సంగతి హేమశ్రీ ఇంట్లో చెప్పి ఏడవలేదు. బిందె పట్టుకున్న చోట అరచెయ్యి బొబ్బలెక్కితే దానికి కొబ్బరినూనె రాసుకుని పడుకుంది.

నాలుగో రోజు గురునాథరావు సెలవు పెట్టాడు. పదకొండింటి నుంచీ మల్టీమీటరు పట్టుకుని గోతి గట్టున కూర్చున్నాడు. తల్లి గోతిలో నిలబడింది.

పన్నెండూ నలభైకి దూరంగా మంగాయమ్మ ఇంట్లో కూత మొదలైంది. వెంటనే రెండో ఇంట్లో, మూడో ఇంట్లో. పైడితల్లి ఇంట్లో కూసింది. ఒక్కొక్క ఇల్లూ దాటుకుంటూ కూత దగ్గరికి వస్తోంది. పదిహేను, పదహారు. అక్కణ్ణుంచి కాస్త నెమ్మదించింది. పంతొమ్మిది. ఇరవై. చాలాసేపయ్యాక దేముడమ్మ ఇంట్లో, అంటే ఇరవై ఒకటిలో, చిన్నగా మొదలై మోగింది. ఆ తరువాత ఆగిపోయింది.

అతను మల్టీమీటరు తీగలు మేకులకి ఆనించి చూశాడు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి.

సన్యాసమ్మ గొట్టం మీద అరచెయ్యి వేసి నిలబడి ఉంది. మిల్లులో మగ్గం సరిగ్గా ఆడుతోందో లేదో అలా చెయ్యి వేసే చెప్పేది.

"గొట్టం ఇంకా ఎచ్చగానే ఉందిరా నాయినా," అంది. "నీళ్ళొత్తే సల్లబడతాది. నీళ్ళే నేకపోతే నీ పెట్టి ఏటని మోగుతాది?"

గురునాథరావు లేచి సందులోకి నడిచాడు. ప్రతి గోతిలోనూ ఒక మనిషి. ప్రతి గట్టునా బిందెలు, బకెట్లు, గంగాళాలు. ఒకరు పిల్లలకి తలంట్లు పోస్తున్నారు. ఒకరు మునగ చెట్టుకి పెడుతున్నారు. మిషను ఆపేసి వచ్చిన దేముడమ్మ సన్నటి ధార కింద చెంబు పెట్టి పట్టుకుంటోంది. అందరూ అతన్ని చూసి నవ్వారు. ఇరవై ఒక్క కుళాయిలు ఒకేసారి విప్పితే గొట్టంలో ఒత్తిడి ఎంత మిగులుతుందో చెప్పడానికే ఉక్కు ఫ్యాక్టరీ అతనికి పద్నాలుగేళ్ళుగా జీతం ఇస్తోంది.

ఆరేళ్ళూ వాళ్ళ ఇంటికి నీళ్ళు ఎలా వచ్చాయో అతనికి అప్పుడు తెలిసింది. హేమశ్రీ మేలుకుని ఉంది, సరే. సందంతా నిద్రపోయింది కనుక వచ్చాయి. ఆ నిద్రని అతను ఇల్లిల్లూ తిరిగి, మేకులు కొట్టి మరీ చెడగొట్టాడు.

సాయంత్రం హేమశ్రీకి చెప్పాడు. దాచాలనిపించింది గాని దాచడానికి ఏమీ మిగల్లేదు. ఆమె మంచం మీద కూర్చుని, సుద్దపొడి అంటిన వేళ్ళు చూసుకుంటూ అంతా విన్నది.

"మనం ఒక్కటే సేసుకునుంటే?"

"వొచ్చీవి. ఎప్పట్లాగే వొచ్చీవి."

"అబ్బులు కాడ ఒక్కటీ అరవై. మద్రాసుది తొమ్మిది." ఆమెకి ఆ తీసివేత చెయ్యడానికి కాగితం అక్కరలేకపోయింది. "నన్నడిగుంటే ఆ యాబై ఒకటీ నానే ఇద్దును గదా బావా."

ఆమె కోప్పడి ఉంటే అతనికి తేలిగ్గా ఉండేది. ఆ గొంతులో కోపం లేదు. నెల రోజులు గంజి చీరలు దాచుకున్న మనిషి గొంతు అది.

మర్నాడు సాయంత్రం స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకుని మంగాయమ్మ ఇంటికి వెళ్ళాడు. సర్వీసు చెయ్యాలని చెప్పి ప్రతి పెట్టెలోనూ చిప్పుకి ఒక్క కాలు వంచేస్తే చాలు. ఎవరికీ తెలియదు. తన గంటలు పాడైపోయాయంటే నమ్మని వాళ్ళు ఆ సందులో ఉండరు. అతని చరిత్ర అలాంటిది. మంగాయమ్మ పెట్టె తెచ్చి చేతిలో పెట్టింది. దాన్ని తడిగుడ్డతో తుడిచి, పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టింది.

"పదకొండేళ్ళయిందండి ఈ సందుకొచ్చి," అంది. "పట్టపగలు తలస్నానం చేసింది మొన్ననేనండి. మా కోడలికి నెలలు నిండుతున్నాయి. నీళ్ళెలాగరా భగవంతుడా అనుకుంటుంటే మీరొచ్చారు. మీ ఇంటికి రావడం లేదట కదా? నాది పట్టుకోడం అయిపోయాక మా కుళాయి దగ్గరే పట్టుకుపొండి. మొహమాటపడకండి."

గురునాథరావు పెట్టె విప్పాడు. చిప్పు జోలికి పోలేదు. వదులైన ఒక మరని బిగించి, మూత పెట్టి, నమస్కారం చేసి వచ్చేశాడు.

అతని మొహం చూసి హేమశ్రీకి అర్థమైంది. పొయ్యి మీద నుంచి గిన్నె దించి, తీర్పు చెప్పినట్టు చెప్పింది.

"బడి మాత్రం నాను మానను. ఆరేళ్ళు నాను పట్టేను. ఇంక నువ్వట్టు."

ఆ వారమే గురునాథరావు తనకి ఎప్పుడూ రాత్రి షిఫ్టే కావాలని అర్జీ పెట్టుకున్నాడు. సెక్షన్‌లో పెద్దవాడు సాయిశంకర్ దాన్ని రెండుసార్లు చదివాడు. రాత్రి షిఫ్టు తప్పించుకోడానికి నడుం నొప్పులూ, అత్తగారి తద్దినాలూ చెప్పినవాళ్ళని చూశాడు గాని, కోరి అడిగినవాణ్ణి చూడలేదు. ఇంట్లో ఏమైనా గొడవా అని అడిగాడు. నీళ్ళు పట్టాలన్నాడు గురునాథరావు.

రాత్రంతా ఫ్యాక్టరీలో నిలబడి, పొద్దున్న ఏడున్నరకి ఇల్లు చేరి, చద్దన్నం తిని పడుకునేవాడు. నిద్ర బాగా పట్టే వేళకి, పన్నెండుకో ఒంటిగంటకో, సందు మొగదల నుంచి అంబులెన్సులు కూసేవి. చెవిటి తల్లికి వినబడాలని కొలిచి చేసిన కూత అది. ఒకటి కాదు, ఇరవై ఒకటి. తలగడ చెవులకి నొక్కుకున్నా ఆగేది కాదు. లేచి, కళ్ళు పూర్తిగా తెరవకుండానే, ఒక బిందె పట్టుకుని సందు పొడవునా మంగాయమ్మ ఇంటికి నడిచేవాడు. దారిలో గోతుల్లోని ఆడవాళ్ళు తలెత్తి, మీ మేలు మరవలేం బాబూ అనేవారు.

మొదటి రోజు వెళ్ళేసరికి మంగాయమ్మ మొదటి డ్రమ్ము సగంలో ఉంది. కాస్త కూర్చోమంది. అరుగు మీద కూర్చున్నాడు. నీళ్ళు ఎప్పుడు ఆగిపోతాయో తెలియదు. లేచి వెళ్ళి టీ తాగడానికి లేదు. కునుకు తీయడానికి లేదు. పత్రిక తెచ్చుకోలేదు, తెచ్చుకున్నా అక్షరం ఎక్కేది కాదు, చూపంతా ధార మీదే. పావుగంట గడిచేసరికి ఒళ్ళంతా జివ్వున లాగింది. ఇలాంటి పావుగంటలు ఆరేళ్ళలో ఎన్నో అతను లెక్క వెయ్యలేకపోయాడు. ఆరేళ్ళలో ఒక్క రోజు కూడా ఇంట్లో నీళ్ళు లేవన్న మాట వినలేదు. ఎందుకు వినలేదో ఒక్క రోజు కూడా అడగలేదు. కూర్చున్నచోటే అతనికి సిగ్గేసింది.

మంగాయమ్మ రెండో డ్రమ్ము కూడా నింపుకుని లేచింది. అతను గోతిలోకి దిగేసరికి ధార సన్నబడింది. పాతిక ఇళ్ళ దూరం తొణక్కుండా నడవడం అలవాటు లేక, నిండుగా బయలుదేరిన బిందె ముప్పాతికగా ఇంటికి చేరింది. రెండో విడతకి పరుగెత్తాడు. మూడో విడత సగంలో కుళాయి గాలి ఊదింది.

నాలుగున్నరకి హేమశ్రీ వచ్చింది. ఆ రోజు క్లాసులో పిల్లలు ఏదో అల్లరి చేశారు కాబోలు, ఇంకా నవ్వుకుంటూనే చెప్పులు విడిచింది. బిందెలు పెట్టే చోటికి వెళ్ళి, మూతలు తీసి చూసింది. గురునాథరావు గోడకి జారబడి, ఏమంటుందోనని చూస్తున్నాడు.

"రెండేనా?" అంది హేమశ్రీ. "నాను తొమ్మిది పట్టీదాన్ని బావా."

ఆ మాట అని, కాళ్ళు కడుక్కోడానికి వాటిలోంచే ఒక చెంబు ముంచుకుని, పిల్లల లెక్కల పుస్తకాలు దిద్దడానికి కూర్చుంది.